పెచ్చు లేచిన దాగలి

సమ్మెట దెబ్బ గడ్డపార మొన మీద పడలేదు. అరంగుళం పక్కకు జారి దాగలి అంచున తగిలింది. ఖంగుమనాల్సింది టక్కుమంది. బొటనవేలంత ఉక్కు ముక్క సమ్మెట కొడుతున్న కుర్రాడి చెవి పక్కనుంచి దూసుకెళ్లి వెనక రేకుకు చిల్లు పెట్టింది.

పెద్దాయన పట్టకారు వదిలేసి ముందు కుర్రాడి చెంపలు తడిమి చూశాడు. ఆ తర్వాతే దాగలి వైపు తిరిగాడు.

నిజామాబాద్ జిల్లాలో బాల్కొండ వైపు ఒక ఊరు. ఇంటివాళ్లు తమ పేర్లు వద్దన్నారు, రాయడం లేదు. దాగలి మాత్రం పేరున్నదే. నడుము మీద ‘పీటర్ రైట్’ అని ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద 1, 2, 14 అని మూడు అంకెలు. ఇంగ్లండులోని డడ్లీలో తయారైన సరుకు. ఆ అంకెలు దాని బరువు. మొదటిది హండ్రెడ్‌వెయిట్, అంటే 112 పౌన్లు. రెండోది అందులో పావులు, ఒక్కోటి 28 పౌన్లు. మూడోది విడి పౌన్లు. మొత్తం 182 పౌన్లు, 82 కిలోల పైచిలుకు. పెద్దాయనకు ఆ లెక్కతో ఎప్పుడూ పని పడలేదు. ఇద్దరు మగాళ్లు లేపే బరువు అని తెలుసు, అంతే.

నిజానికి ఆ రోజు ముందుగా ఊడింది డడ్లీ ఉక్కు కాదు. కొన్నాళ్ల కిందట అంచు అరిగిందని పట్నంలో ఒక వెల్డింగ్ షాపుకు తీసుకెళ్తే, గేట్లకూ కిటికీలకూ వాడే మామూలు రాడ్డుతో, చల్లటి దాగలి మీదే పోసి నింపేశారు. గ్రైండర్‌తో నున్నగా చేసి ఇచ్చారు. చూపులకు కొత్తదే. ఇప్పుడు ఆ అతుకు పోతూ పోతూ కింది ఉక్కును కూడా పెకలించుకుపోయింది.

అందులో వింతేమీ లేదు. 80 కిలోల చల్లటి ఇనుము మీద వెల్డింగ్ చుక్క పడగానే ఆ వేడిని మొద్దు క్షణంలో లాగేసుకుంటుంది. అతుకు పక్కనున్న ఉక్కు నీళ్లలో ముంచినట్టే బిగుసుకుని పెళుసెక్కుతుంది. రాడ్డు పూతలో చెమ్మ ఉంటే అందులోని హైడ్రోజన్ లోహంలోకి దూరి, గంటల తర్వాత కూడా లోలోపల పగులు తెస్తుంది. పైకి కనిపించదు. సమ్మెటకే తెలుస్తుంది.

కొడుకు అప్పటికి షార్జా నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. అక్కడ పైపుల వెల్డర్.

“పైనంత గ్రైండర్ కొట్టి, మొత్తం కొత్తగ పోద్దాం బాపూ. సాఫ్ అయితది.”

“గ్రైండర్ కొడితె ఇగ దాగలి యాడుంటది రా? పైన ఉక్కు గట్టిగ అరంగుళం గూడ లేదు.”

పెద్దాయన మాటే నిజం. ఈ రకం దాగలికి ఒళ్లంతా మెత్తటి సాగుడు ఇనుము. పైన అరంగుళం లోపు ఉక్కు పలకను కొలిమిలోనే కాల్చి అతికి, నీళ్లతో పదును పెట్టారు. గ్రైండర్ తినే ప్రతి పొరా ఆ అరంగుళంలోంచే పోవాలి. పాత దాగళ్లను తళతళలాడించి అమ్మేవాళ్లను నేనైతే నమ్మను. ఆ మెరుపుకు ఎంత ఉక్కు ఖర్చయిందో కొనేవాడికి కనిపించదు.

కొడుకు వాదించలేదు. పెచ్చు లేచిన గుంటను లైటు వేసి చూశాడు. పైన సన్నటి రవ్వగా విరిగిన ఉక్కు, కింద పీచు పీచుగా ఇనుము. రెండు లోహాలు. రాడ్లూ రెండు రకాలు కావాలి.

పాత వెల్డింగ్ మేరకే గ్రైండర్ పెట్టి గీకేశాడు. తర్వాత గుంటనిండా కిరసనాయిలు రాసి, పొడి గుడ్డతో తుడిచి, సుద్ద పూశాడు. కాసేపటికి తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత తడి గీత పైకి తేలింది. పగులు ఇంకా లోపలికే పోయింది. పెద్దాయన లేచి బయటికి నడిచాడు. గ్రైండర్ చప్పుడు ఆగేదాకా లోపలికి రాలేదు.

ఉక్కు సంగతి ఆ నేలకు కొత్త కాదు. అక్కడికి దగ్గర్లోని కోనసముద్రంలో మూసల్లో కరగబెట్టిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. 19వ శతాబ్దం తొలినాళ్లలో వచ్చి చూసిన తెల్లదొరలు ఆ సంగతి రాసిపెట్టారు. ఆ కొలుములు ఎప్పుడో ఆరిపోయాయి. ఈ ఇంట్లో మిగిలింది పక్కవాడి ఉక్కుకు పదును పెట్టే పని.

వెల్డింగ్‌కు ముందు దాగలిని మొత్తంగా కాగనివ్వాలి. ఎంత? కొడుకు లెక్క 200 డిగ్రీలు. అంతకు తగ్గితే పగులు, 230 దాటి పోతుంటే అసలు పదునుకే ఎసరు. చుట్టూ ఇటుకలు పేర్చి, తుమ్మ బొగ్గులు నింపి, గాలి ఊదకుండా సన్న సెగ మీద ఉంచారు. షార్జా నుంచి తెచ్చుకున్న వేడి చూసే చాక్‌పీసు కొడుకు చేతిలో ఉంది. సరిగ్గా 200కి దాని గీత కరగాలి. పెద్దాయన చేతిలో నీళ్ల చెంబు. వేలితో ఒక బొట్టు చిలకరించాడు. చుయ్‌మని ఆరిపోయింది.

“ఇంక గాలే.”

చాలాసేపు అదే తంతు. చివరికి ఒక బొట్టు ఆరిపోకుండా, ముత్యంలా దొర్లుకుంటూ అంచుదాకా పోయి కింద పడింది. కొడుకు గీత గీశాడు. అదీ కరిగింది. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. కొడుకు హెల్మెట్ దించాడు.

కింది పొరలకు 7018 అనే రకం రాడ్లు. అప్పుడే సీలు విప్పి, ఇనుప డబ్బాలో వేసి నిప్పుల పక్కన వేడిగా ఉంచి, ఒక్కొక్కటే తీశాడు. అంచు నిటారుగా రావడానికి పక్కన రాగి పట్టీ బిగించాడు. రాగికి వెల్డింగ్ అంటుకోదు. పై పొరలకు గట్టి రాడ్డు కావాలి, కానీ మరీ గట్టిది పనికిరాదు. మట్టి రాపిడికి అరగకుండా జేసీబీ పళ్లకు పోసే రాడ్లలో కొన్ని సమ్మెట దెబ్బకు పగుళ్లిస్తాయి. దెబ్బకు ఓర్చే రకాన్ని నిజామాబాద్‌లో వెతికి పట్టుకున్నాడు. ప్రతి వరసా పోసిన వెంటనే, ఎర్రదనం పోకముందే, పెద్దాయన చిన్న సుత్తితో దాని మీద టకటకమని కొట్టుకుంటూ పోయేవాడు. చల్లారుతూ లోహం ముడుచుకుంటుంది, ఆ బిగువును సుత్తి సడలిస్తుంది.

ఆయనకు ఇంకో పని కూడా ఉంది. దాగలి నడిమధ్య రూపాయి బిళ్లంత మేర ముందే రాతితో మెరుగుపెట్టి ఉంచాడు. వేడి మితిమీరితే ఆ మెరుపు మీద లేత పసుపు దిగుతుంది. నీలం దాకా పోతే పదును పోయినట్టే. కళ్లు అక్కడినుంచి తిప్పలేదు.

సగం పనిలో కరెంటు పోయింది. మిషన్ మూగబోయింది. చల్లారితే మొదటికొస్తుంది.

“నువ్వు ఆగు బిడ్డా, నేను జూసుకుంట,” అని పెద్దాయన ఇటుకల సందుల్లోంచి బొగ్గులు ఎగదోస్తూ, ఒకవైపు రాజేస్తూ, ఇంకోవైపు బూడిద కప్పుతూ ఆ వేడిని అలాగే నిలబెట్టాడు. కరెంటు వచ్చాక కొడుకు చాక్‌పీసు పెట్టి చూశాడు. కరిగింది. “ఎట్ల పట్టుకున్నవే బాపూ!” అన్నాడు. జవాబు లేదు. పెద్దాయన పసుపు కోసం చూస్తున్నాడు.

పని అయ్యాక దాగలిని పొయ్యి బూడిదలో, సున్నం పొడిలో నిలువునా పాతిపెట్టారు. మర్నాడు సాయంత్రానికి కూడా చేతికి వెచ్చగానే ఉంది. అంచుకు గ్రైండర్ పెట్టి చదును చేశాక, కొడుకు లారీ బేరింగు గుండును పది అంగుళాల ఎత్తునుంచి వదిలాడు. పాత ముఖం మీద ఎనిమిదంగుళాలు ఎగిరింది. కొత్త అంచు మీద ఏడు. చాలు. రెండో అంచున ఉన్న పాత నొక్కుల జోలికి పోలేదు. అక్కడ కొట్టకపోతే సరి.

దాగలి బాగయ్యాక, కొలిమిని కొత్తగా పెట్టడం దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. నడుమెత్తు ఇటుక దిమ్మె, లారీ బ్రేకు డ్రమ్ము, కింద చిట్టెం రాలడానికి మూత, రెగ్యులేటర్ పెట్టిన బ్లోయర్. ఇదీ కొడుకు పథకం, అంటే నిలబడి చేసే పని. నిలబడి పనిచేస్తే పిడికిలి ఎత్తుకు దాగలి ఉండాలన్నది లోకమంతా పాటించే కొలత. పెద్దాయన కూర్చునే పనిచేస్తాడు. పైగా ఎదుట సమ్మెట కొట్టేవాడుంటే దాగలి కిందికే ఉండాలి. చివరికి తుమ్మ మొద్దును సగానికి పైగా నేలలో పాతి, చుట్టూ ఇసుక దట్టించి, ఇనుప పట్టీతో దాగలిని బిగించారు. బ్రేకు డ్రమ్ము ఉండిపోయింది, దిమ్మె మాత్రం మోకాలెత్తుకు దిగింది. బ్లోయర్ మోటారూ ఉంది, పక్కన చేతి చక్రమూ ఉంది.

వారం తిరక్కముందే పక్క ఊరి కమ్మరి ఒకాయన ఆటోలో తన దాగలి వేసుకొచ్చాడు. “నాది గూడ జెర పోసియ్యి బిడ్డా.”

కొడుకు చిన్న సుత్తితో ముఖమంతా తట్టుకుంటూ పోయాడు. కొమ్ము వైపు గణగణ. నడిమధ్య బొద్దుగా, చచ్చుగా ఒక చప్పుడు. అరచెయ్యి వెడల్పున పలక కిందినుంచి వదిలేసింది.

“పైనుంచి పోస్తె ఇది అతకది కాకా. ఇంక పెచ్చు లేస్తది.”

“మరేం జెయ్యాలె?”

“కొమ్ము పక్కన మంచిగుంది. ఆడ్నే కొట్టుకో.”

ఆయన గొణుక్కుంటూ ఆటోవాణ్ని కేకేశాడు. రానూపోనూ కిరాయి ఎవరిస్తారని అడిగాడు. పెద్దాయన కొలిమి ముందునుంచి లేవకుండానే, చాయ్ తాగి పొమ్మన్నాడు.