మోడు కదా అని కొట్టేస్తే...

ప్రతి టీములోనూ ఒకడుంటాడు. పాత మాడ్యూల్ కనబడితే చాలు, "దీన్నెవరూ వాడట్లేదు, పీకేద్దాం" అంటాడు. అలాంటివాళ్ళకి నేను చెప్పే కథ జర్మనీ అడవులది.

18వ శతాబ్దం మొదట్లో శాక్సనీలో వెండి గనులకీ, కొలుములకీ కలప చాలక అడవులు తరిగిపోయాయి. అక్కడి గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్స్ 1713లో ఓ పుస్తకం రాసి, పెరిగినంతే కొట్టండి, కొట్టినచోట నాటండి అన్నాడు. మనం మీటింగుల్లో అరగదీసే 'సస్టెయినబిలిటీ'కి మూలం అక్కడే చూపిస్తారు. మంచి మాటే, కాదనను. చిక్కల్లా తర్వాత వచ్చింది. 1811లో హైన్‌రిష్ కొట్టా (పేరు నిజంగా అదే) థారాంట్‌లో అటవీ విద్యకి బడి పెట్టాడు. ఆ తరంవాళ్ళు ఏ వయసు చెట్టు ఎంత కలప ఇస్తుందో లెక్కలు కట్టి పట్టికలు వేశారు. పట్టికలో చక్కగా ఇమిడేది ఒకే వయసు స్ప్రూస్ చెట్ల వరస. దాంతో కొన్నాళ్ళకి అడవే పట్టికలా తయారైంది. ముసలి చెట్లు, తొర్రలు పడ్డవి, నిలువునా ఎండిన మోడులు, అన్నీ దండగ ఖాతాలోకి పోయాయి.

మరి వాటివల్ల ఉపయోగం ఏంటంటారా? యూరప్‌లోకెల్లా పెద్ద వడ్రంగి పిట్ట ఉంది, నల్లగా ఉంటుంది. దానికి తొర్ర తొలచడానికి లావుపాటి పాత బీచ్ చెట్టు కావాలి. అది ఖాళీ చేసి పోయాక ఆ తొర్రలో గుడ్లగూబలు, అడవి పావురాలు, గబ్బిలాలు కాపురం పెడతాయి. వీటిలో ఏదీ సొంతంగా తొర్ర తొలుచుకోలేదు. ఇక పడిపోయిన మానుని బూజులు, పుట్టగొడుగులు మెత్తబరిస్తే పెంకు పురుగులు చేరతాయి. ఫిన్లాండులో లెక్క చూస్తే అడవి జీవజాతుల్లో 20-25 శాతం, అంటే నాలుగైదు వేల జాతులు, చచ్చిన చెట్ల మీద ఆధారపడ్డవే. డెడ్ కోడ్ అనుకున్నదాన్ని ఇంతమంది పిలుస్తున్నారన్నమాట! పైగా ఒకే వయసు తోటలో చిన్నా పెద్దా తేడా ఉండదు, చెట్టు కూలి వెలుగు పడే సందూ ఉండదు. అందరికీ ఒకే ఇల్లు, ఒకే అంతస్తు.

ఈ జర్మన్ విద్య మన దాకా కూడా వచ్చింది. 1864లో బ్రిటిష్ ఇండియా అడవులకి మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయిన డీట్రిచ్ బ్రాండిస్, ఆయన తర్వాత వచ్చిన ష్లిష్, రిబెన్‌ట్రాప్ ముగ్గురూ జర్మన్లే.

అసలు కథ బవేరియాలో. 1970లో అక్కడ జర్మనీకి మొదటి నేషనల్ పార్క్ పెట్టారు. 1983 ఆగస్టులో గాలివాన వచ్చి చెట్లని కుప్పలుగా కూల్చేసింది. రూలు ప్రకారం వెంటనే ఎత్తేయాలి, లేకపోతే బెరడు పురుగు పట్టి పక్క చెట్లకి ఎక్కుతుంది. పార్క్ డైరెక్టర్ హాన్స్ బిబెల్‌రీటర్ వదిలేద్దామన్నాడు, మంత్రి హాన్స్ ఐసెన్‌మాన్ సరేనన్నాడు. భయపడ్డట్టే అయింది. పురుగు విజృంభించి, 90లలో వేల హెక్టార్ల స్ప్రూస్ మోడుబారిపోయింది. ఊళ్ళవాళ్ళు రోడ్డెక్కారు. వాళ్ళని వెర్రివాళ్ళని అనలేం. తాతలు పెంచిన పచ్చటి కొండలు కళ్ళముందు బూడిదరంగుకి తిరిగితే, పైగా టూరిస్టులు రాకపోతే బతుకెలా అని వాళ్ళ భయం.

అయినా పార్కు వాళ్ళు మాట మీద నిలబడ్డారు. ఆ మోడుల కింద ఎవరూ నాటకుండానే కొత్త స్ప్రూస్ మొక్కలు, రోవన్ మొక్కలు ఎక్కువా తక్కువా ఎత్తుల్లో లేచాయి. కుళ్ళిన మానుల మీద అరుదైన పుట్టగొడుగులు, పురుగులు మళ్ళీ కనిపించాయి. పార్కు సరిహద్దు పొడుగునా మాత్రం ఒక పట్టీ ఉంచారు. అక్కడ పురుగు పట్టిన చెట్లని కొట్టేస్తూనే ఉన్నారు, అవతల రైతుల సొంత అడవులున్నాయి కాబట్టి. పార్కు మీద అభిమానంతో ఆ పట్టీ కూడా ఎత్తేయమనేవాళ్ళతో మాత్రం నేను ఏకీభవించను. ప్రయోగం మనది, చెట్లు వాళ్ళవీనా?