సైబర్ టవర్స్ మొదటి బ్యాచ్ ఆడపిల్లలకి యాభై వస్తున్నాయి

ముందు ఓ చిన్న లెక్క చూడండి. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. ఆ ఏడు ఇంజనీరింగు ముగించి ఇరవై రెండేళ్ళకి ఉద్యోగంలో చేరిన అమ్మాయి 1976లో పుట్టి ఉంటుంది. మన దేశంలో నెలసరి ఆగిపోయే సగటు వయసు 46 దరిదాపుల్లో ఉంది (అమెరికాలో అది 51). అంటే ఆ అమ్మాయి 2022కే ఆ సగటు వయసుకి వచ్చేసింది. ఇప్పుడు యాభై అంచున ఉంది. ఈ లెక్క మాత్రం ఎవరూ వేసినట్టు కనపడదు.

హైటెక్ సిటీ చరిత్ర అనగానే మనవాళ్ళు చంద్రబాబు, బిల్ గేట్స్, పిండి చేసిన రాళ్ళగుట్టలు, ఎకరం రేట్లు చెప్పుకొస్తారు. బానే ఉంది. కానీ ఆ భవనాల్లో పాతికేళ్ళు కూర్చున్న ఒళ్ళకి కూడా ఒక చరిత్ర ఉంటుంది కదా. అందులోనూ ఆడవాళ్ళ ఒళ్ళది. నేను రాయబోయేది దాని గురించే.

క్యాంటీన్లో తరచూ వినపడే మాట ఒకటుంది. "నలభై దాటాక మెటబాలిజం పడిపోతుందండీ, ఏం తిన్నా ఒంటికి పట్టేస్తుంది" అని. 2021లో సైన్స్ పత్రికలో 29 దేశాలకి చెందిన 6,400 మంది పైచిలుకు మనుషుల ఖర్చు (అదే, ఒళ్ళు రోజుకి ఖర్చుపెట్టే శక్తి) కొలిచి ఒక పరిశోధన వేశారు. ఒంటి బరువునీ, కండనీ లెక్కలోకి తీసుకుని చూస్తే ఇరవై నుంచి అరవై దాకా ఆ ఖర్చు ఇంచుమించు ఒక్కలాగే ఉంది. మగవాళ్ళకైనా, ఆడవాళ్ళకైనా. మరి నలభై అయిదుకి నడుము చుట్టూ వచ్చేది ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?

దీనికి జవాబు వెతికినవాళ్ళు అమెరికాలో ఉన్నారు. స్వాన్ అనే అధ్యయనం 1996 ప్రాంతాల్లో 42 నుంచి 52 ఏళ్ళ మధ్య ఉన్న 3,302 మంది స్త్రీలని చేర్చుకుని, ఏళ్ళ తరబడి పిలిచి కొలుస్తూ వచ్చింది. వాళ్ళు తేల్చింది ఇది: బరువు వయసుతో పాటు మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, నెలసరి ఆగినంత మాత్రాన ఒక్కసారిగా ఏం ఎగబాకదు. మారేది లోపలి వాటాలు. ఆఖరి నెలసరికి రెండేళ్ళ ముందు నుంచీ కొవ్వు చేరే వేగం రెట్టింపవుతుంది, కండ తరగడం మొదలవుతుంది. తూకం మిషను మీద ఈ రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి. ఈస్ట్రోజెన్ ఉన్నన్నాళ్ళూ కొవ్వుని తుంటికీ తొడలకీ పంపిస్తుంది. అది తగ్గాక కొవ్వు పొట్టలో, పేగుల చుట్టూ చేరుతుంది. ఇన్సులిన్ మాట వినకుండా చేసేది ఈ కొవ్వే. పైగా నెలసరి ఆగిపోయే ఆ ఏడాది చుట్టుపక్కలే చెడ్డ కొలెస్టరాల్, అంటే ఎల్‌డీఎల్, ఒక్క మెట్టు పైకెక్కుతుంది.

చాలా గొప్ప పని. కాకపోతే స్వాన్‌లో తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, చైనా, జపాన్, హిస్పానిక్ మూలాల వాళ్ళు ఉన్నారు. మన భారతీయుల బృందం అంటూ లేదు. మన సంగతి మనమే వెతుక్కోవాలి.

అలా వెతకడానికి హైటెక్ సిటీ నుంచి ఊరి ఆ చివరికి, తార్నాక దాకా వెళ్ళాలి. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకి వచ్చిన జాతీయ పోషకాహార సంస్థ అక్కడుంది. అది చాలాకాలం పనిచేసింది ఆకలి మీద. 1987-90 మధ్య హైదరాబాదు చుట్టుపక్కల 29 పల్లెల్లో ఒక ప్రయోగం జరిగింది. 15 పల్లెల్లో గర్భిణులకీ, ఆరేళ్ళ లోపు పిల్లలకీ ఐసీడీఎస్ కింద రోజూ ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్ళకి ఆ పథకం అప్పటికింకా రాలేదు. 2003-05లో మళ్ళీ వెళ్ళి ఆ పిల్లల్ని కొలిస్తే, ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు కాస్త పొడుగు పెరిగారు, ఇన్సులిన్‌కి వాళ్ళ ఒళ్ళు మెరుగ్గా స్పందించింది. అంటే నడివయసులో వచ్చే షుగరుకి సంబంధించిన కథ తల్లి కడుపులోనే కొంత రాసి ఉంటుందన్నమాట. పూణేలో డాక్టర్ యాజ్ఞిక్ చూపించింది కూడా ఇలాంటిదే: మన పిల్లలు చూడ్డానికి సన్నగా పుడతారు గానీ, ఆ సన్నదనంలో తక్కువున్నది కండ, కొవ్వు కాదు. పుట్టుకతోనే కండ తక్కువున్న మనిషికి నలభై అయిదు దగ్గర ఆ ఉన్న కండ కూడా కరగడం మొదలైతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇంకో సంగతి. ఇది మన రెండు రాష్ట్రాలకే పట్టిన పీడ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలోకెల్లా మనమే ముందు! అంతకు ముందే డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, ముప్పై కూడా దాటని ఆడవాళ్ళకి ఈ ఆపరేషన్లు ఎలా జరిగిపోతున్నాయో రాసి గోల పెట్టారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే మెనోపాజ్ వచ్చినట్టు. ఉంచినా అవి కొంత ముందుగానే అలిసిపోతాయి. మా తరం ఐటీ ఆడవాళ్ళలో ఎంతమంది అమ్మలు, పిన్నులు, మేనత్తలు ఈ లెక్కలో ఉన్నారో ఒకసారి ఇంట్లో అడిగి చూడండి.

సరే, మళ్ళీ మాదాపూర్‌కి వద్దాం. అమ్మ పొలంలో వంగి పనిచేసింది, కూతురు కుర్చీకి అతుక్కుంది. 2000ల మొదట్లో రాష్ట్ర ప్రభుత్వం ఆడవాళ్ళ రాత్రిపని మీదున్న ఆంక్షల నుంచి ఐటీకీ, కాల్ సెంటర్లకీ మినహాయింపు ఇచ్చింది. క్యాబ్ ఇవ్వాలి, భద్రత చూడాలి అని షరతులు పెట్టారు. అవి అవసరమే, కాదనను. ఆ మినహాయింపు లేకపోతే ఎంతోమందికి ఉద్యోగాలే లేవు. కానీ భద్రత అంటే ఇల్లు చేరడం ఒక్కటేనా? అమెరికాలో నర్సుల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో, మారే రాత్రి షిఫ్టులు ఇరవై ఏళ్ళు పైబడి చేసినవాళ్ళకి షుగరు ముప్పు 58 శాతం ఎక్కువ కనిపించింది. బరువు ప్రభావం పక్కన పెట్టి చూసినా ఇంకా 24 శాతం మిగిలింది. నిద్రని తలకిందులు చేస్తే ఇన్సులిన్ లయ కూడా తప్పుతుంది. ఆ తర్వాత నలభై అయిదేళ్ళకి ఒళ్ళంతా సెగలొచ్చి నిద్ర పట్టకపోవడం దానికి తోడు!

కొలతలు ఆలస్యంగానైనా వచ్చాయి. 2023లో పోషకాహార సంస్థ వాళ్ళు హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు 183 మందిని చూస్తే 46 శాతానికి మెటబాలిక్ సిండ్రోమ్ ఉంది. వారానికి 150 నిమిషాల వ్యాయామం చేసేవాళ్ళు 22 శాతం. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధనలో 345 మందిలో 84 శాతానికి కాలేయంలో కొవ్వు. పేపర్లలో మోగిన ఈ అంకెలు ఆడామగా, చిన్నా పెద్దా అందరికీ కలిపినవి. సగటు అంటేనే తేడాలు దాచేది అని మన డేటా వాళ్ళకి నేను చెప్పాలా?

నేను డాక్టర్ని కాదు, మందుల జోలికి పోను. హార్మోన్ మాత్రలు ఎవరికి మంచిది, ఎవరికి కాదు అన్నది డాక్టరు మనిషిని చూసి తేల్చాల్సిన విషయం. కానీ ఈ చరిత్ర చదివాక కొన్ని సంగతులు మాత్రం నాకు తేటగానే కనిపిస్తున్నాయి. తూకం కన్నా టేపు నయం: ఆడవాళ్ళకి నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడమని మన దేశానికి పెట్టిన గీత. నెలసరి తప్పడం మొదలైనప్పుడే షుగరు, కొలెస్టరాల్, బీపీ చూపించుకోవాలి, అరవై దాకా ఆగక్కర్లేదు. నడక మంచిదే గానీ నడకొక్కటే కండని నిలబెట్టదు, బరువులెత్తాలి. పళ్ళెంలో అన్నం కాస్త తగ్గి పప్పు, గుడ్డు, పెరుగు పెరగాలి. గర్భసంచి తీసేసిన వాళ్ళు అండాశయాలు ఉన్నాయో లేవో కాగితాలు తీసి చూసుకోవాలి.

ఇహ కంపెనీల సంగతి. ఏటా చేయించే హెల్త్ చెకప్ ఇరవై అయిదేళ్ళ కుర్రాడికీ, నలభై ఎనిమిదేళ్ళ ఆర్కిటెక్ట్‌కీ ఒకే ప్యాకేజీ అయితే దాన్ని చెకప్ అనలేం. ప్రసవానికి సెలవు ఉండాలని ఒకప్పుడు కొట్లాడి సాధించుకున్నారు. ఆ ప్రసవాలన్నీ అయిపోయి, పిల్లలు కాలేజీలకొచ్చి, ఆవిడ ఇంకా పదేళ్ళు పనిచేయాల్సిన ఈ వయసు గురించి అడిగేవాళ్ళు లేరు. మొదటి బ్యాచ్ వెనకాల ఇంకా పాతిక బ్యాచ్‌లు వరసలో ఉన్నాయి. వాళ్ళయినా అడగాలి.