బొగ్గు నేలపై గుండె కవాటాల చరిత్ర

సింగరేణి ప్రాంతపు ఆరోగ్యం గురించి మాట వచ్చినప్పుడు గని ప్రమాదాలూ, ఊపిరితిత్తుల్లో చేరే దుమ్మూ ముందుగా స్ఫురిస్తాయి గాని, గుండె కవాటాల జబ్బు స్ఫురించడం అరుదు. ఆ జబ్బుకు మూలాలు గనిలో కాక, దాని చుట్టూ వెలసిన ఇరుకు వాడల్లో ఉండడమే ఇందుకు ఒక కారణం.

ఇల్లెందు పరిసరాల్లో 1871లో విలియం కింగ్ బొగ్గు నిక్షేపాలను గుర్తించగా, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1960లలో గోదావరిఖనిలో బాయిలు తెరుచుకున్నప్పుడు కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి పనికోసం తరలివచ్చిన కుటుంబాలకు క్వార్టర్లు చాలక, ఒక్క గది గుడిసెలోనే ఇంటిల్లిపాదీ తలదాచుకున్నారు. గోదావరికి ఆవలి ఒడ్డున, ఇందారం గనులను ఆనుకొని ఉన్న జైపూర్‌కు 2016లో 1,200 మెగావాట్ల సింగరేణి విద్యుత్ కేంద్రం వచ్చేనాటికి ఆ తరం పిల్లలు నడివయసు దాటారు.

గుడిసెకూ గుండెకూ సంబంధం కలిపేది గొంతునొప్పి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి ఇరుకిళ్లలో ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకి, ముఖ్యంగా అయిదు నుంచి పదిహేనేళ్ల పిల్లల్లో గొంతువాపు తెస్తుంది. అది తగ్గిన రెండు మూడు వారాలకు కొందరిలో జ్వరంతోపాటు కీళ్లు ఒకదాని తర్వాత ఒకటి వాస్తాయి. దీనినే కీళ్లవాత జ్వరం అంటారు. కీళ్లు ఏ మచ్చా లేకుండా మానుతాయి గాని, రక్తం వెనక్కి మళ్లకుండా తలుపుల్లా పనిచేసే గుండె కవాటాలు మందమై, అంచులు అతుక్కుపోతాయి. ఈ జ్వరాన్ని గుర్తుపట్టే లక్షణాలను డకెట్ జోన్స్ 1944లో క్రోడీకరించాడు. నేడు మూడు వారాలకోసారి ఇచ్చే పెన్సిలిన్ సూదితో జ్వరం తిరగబెట్టకుండా ఆపవచ్చని ఆ తర్వాతి దశాబ్దంలో స్థిరపడింది.

ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మిట్రల్ కవాటం ఇరుకైనప్పుడు రక్తం ఊపిరితిత్తుల్లో నిలిచి ఆయాసం వస్తుంది. 1816లో లెనెక్ స్టెతస్కోపును రూపొందించాక ఈ ఇరుకును చెవితో పట్టడం సాధ్యమైంది: రోగిని ఎడమ పక్కకు ఒత్తిగిలజేసి, రొమ్ము కింద స్టెతస్కోపు గంటను తేలిగ్గా ఆనిస్తే, దూరపు ఉరుములాంటి మంద్రధ్వని వినిపిస్తుంది. 1953లో స్వీడన్‌లోని లుండ్ నగరంలో ఎడ్లర్, హెర్ట్జ్ శబ్ద తరంగాలతో కవాటపు కదలికను నమోదు చేయగా, నేటి ఎకో పరీక్ష అక్కడి నుంచే ఎదిగింది.

1955 నాటి గనుల నియమావళి కార్మికునికి పనిలో చేరేటప్పుడూ, ఆపైన అయిదేళ్లకు మించని వ్యవధిలోనూ వైద్య పరీక్షను తప్పనిసరి చేసింది. అది మేలైన ఏర్పాటే అయినా కార్మికుని భార్యాబిడ్డలకు వర్తించదు. మిట్రల్ ఇరుకు చూస్తే స్త్రీలలోనే ఎక్కువ. గర్భం దాల్చాక ఒంట్లో రక్తం పెరిగి, అంతవరకు ఓర్చుకున్న కవాటం తట్టుకోలేకపోవడంతో, ఎందరికో జబ్బు ఉన్నట్టు తెలిసేదే నెలలు నిండుతున్నప్పుడు. పరీక్ష ఎవరికి అవసరమో, ఎవరికి దక్కిందో పోల్చి చూస్తే ఈ లోపం బాధ కలిగిస్తుంది.

చికిత్స విషయానికి వస్తే, కొట్టుకుంటున్న గుండెలోకి వేలు చొప్పించి కవాటాన్ని వెడల్పు చేసే శస్త్రచికిత్సను 1925లో లండన్‌లో సూటర్ ఒకసారి చేయగా, 1948 తర్వాతనే అది వ్యాపించి, 1950లలో వేలూరు వైద్య కళాశాలకు చేరింది. తొడ రక్తనాళం గుండా బెలూన్ పంపే పద్ధతిని జపాన్ వైద్యుడు ఇనొవె 1980లలో తెచ్చాడు. విదేశీ కృత్రిమ కవాటాల ధర అందని కాలంలో తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ వలియత్తన్ నాయకత్వంలో రూపొందించిన కవాటాన్ని 1990లో తొలిసారి ఒక రోగికి అమర్చారు.

గుండె నుంచి బయలుదేరే అతిపెద్ద రక్తనాళమైన బృహద్ధమని జబ్బులు మరో తీరువి. దాని కవాటం కారుతుంటే, పైకెత్తిన చేతి నాడి ఉవ్వెత్తున లేచి చటుక్కున పడిపోతుందని కోరిగన్ 1832లో వర్ణించాడు. ఏళ్ల తరబడి అదుపు తప్పిన రక్తపోటు వల్ల ధమని లోపలి పొర చిరిగితే వచ్చే నొప్పి గుండెపోటును తలపిస్తుంది. పొరబడి రక్తపు గడ్డను కరిగించే మందు ఇస్తే ప్రాణం పోవచ్చు. రెండు చేతుల్లో రక్తపోటును విడివిడిగా కొలిచి, తేడా కనబడితే సీటీ స్కాన్ తీయించడం ఏ చిన్న ఆసుపత్రిలోనైనా గుర్తుంచుకోదగ్గ జాగ్రత్త.

కంపెనీ కార్మికులకు సొంత ఆసుపత్రులుండగా, చుట్టుపక్కల పల్లెల పేదలకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కవాట మార్పిడిని అందుబాటులోకి తెచ్చింది. అయితే లోహపు కవాటం ఉన్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకుంటూ, మోతాదు సరిచూసే ఐఎన్ఆర్ పరీక్షను తరచూ చేయించుకోవాలి. మంచిర్యాల నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాద్‌కు ఆ ఒక్క రక్తపరీక్ష కోసం వెళ్లాలంటే రోజు కూలీ పోతుంది. 2022లో రామగుండం, మంచిర్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభం కావడంతో ఈ పరీక్షనూ, మూడు వారాల సూదినీ ఇంటికి దగ్గరగా క్రమం తప్పకుండా అందించే వీలు ఈ ప్రాంతానికి ఇప్పుడు కలిగింది.