పిరుదు ధమనుల్లో వైవిధ్యం: వర్గీకరణ పట్టించుకోని కొలతలు

పిరుదు కండరాలకు రక్తం అందించే రెండు ప్రధాన ధమనులూ కటి లోపల ఇంటర్నల్ ఇలియాక్ ధమని నుంచే పుడతాయి. ఆ మాతృధమని పొడవు పెద్దవాళ్లలో సుమారు 4 సెంటీమీటర్లు. అంత తక్కువ దూరంలోనే అది ముందు కాండంగా, వెనుక కాండంగా చీలి, మూత్రాశయం, గర్భాశయం, పురీషనాళం, తొడ లోపలి భాగం, పిరుదు అన్నిటికీ శాఖలు పంచుతుంది. పాఠ్యపుస్తకం ప్రకారం వెనుక కాండం చివరికి సుపీరియర్ గ్లూటియల్ ధమనిగా మారి, పిరిఫార్మిస్ కండరం పైఅంచు మీదుగా బయటికి వస్తుంది. ముందు కాండం నుంచి ఇన్‌ఫీరియర్ గ్లూటియల్, ఇంటర్నల్ ప్యుడెండల్ ధమనులు పుట్టి, అదే కండరం కిందినుంచి బయటపడతాయి. విద్యార్థి పరీక్షలో ఇలా రాస్తే మార్కులు పడతాయి. డిసెక్షన్ బల్ల మీద మాత్రం ఈ క్రమం తప్పిన కటి తరచుగానే ఎదురవుతుంది.

వైవిధ్యాన్ని లెక్కగట్టే పని పాతదే. లండన్‌లో రిచర్డ్ క్వెయిన్ 1,040 భౌతికకాయాల డిసెక్షన్ ఆధారంగా 1844లో ధమనుల మీద ఉద్గ్రంథం వెలువరించాడు. 1891లో యస్ట్‌షిన్‌స్కీ ఇంటర్నల్ ఇలియాక్ శాఖలను రకాలుగా విభజించాడు. క్యోటోలో పనిచేసిన అడాచి 1928లో జపనీయుల ధమనుల మీద రాసిన జర్మన్ గ్రంథంలో ఆ విభజనను సవరించి స్థిరపరిచాడు. రెండు గ్లూటియల్ ధమనులూ, ప్యుడెండల్ ధమనీ ఎవరితో కలిసి పుడుతున్నాయన్నదే ఆయన చూసిన ప్రశ్న. సుపీరియర్ గ్లూటియల్ విడిగా పుట్టి మిగిలిన రెండూ ఒకే కాండం పంచుకుంటే మొదటి రకం. గ్లూటియల్ ధమనులు రెండూ కలిసి, ప్యుడెండల్ విడిగా ఉంటే రెండోది. మూడూ విడివిడిగా పుడితే మూడోది, మూడూ ఒకే కాండం నుంచి వస్తే నాలుగోది. సుపీరియర్ గ్లూటియల్, ప్యుడెండల్ జత కట్టి ఇన్‌ఫీరియర్ గ్లూటియల్ ఒంటరిగా మిగిలేది ఐదోది, అత్యంత అరుదు. చాలా పరిశీలనల్లో మొదటి రకానిదే ఆధిక్యం. 1998లో యమాకి బృందం 645 అర్ధకటులు చూసి, దాదాపు 80 శాతంలో అదే అమరిక ఉందని నివేదించింది.

అంటే సుమారు ఐదింట ఒక కటి పుస్తకంతో ఏకీభవించదు. దీన్ని వికృతి అనడం సరికాదు. పిండంలో అవయవాంకురం ఏర్పడే దశలో అక్కడ ఉండేది స్థిరమైన గొట్టాలు కావు, సన్నని రక్తనాళాల వల. రక్తప్రవాహం బలంగా సాగిన దారులు నిలుస్తాయి, మిగతావి కుంచించుకుపోతాయి. ఏ దారి నిలిచిందన్నదాంట్లో కొద్ది తేడా వచ్చినా శాఖల పుట్టుక మారుతుంది. ఒకే మనిషిలో కుడి ఎడమలు వేర్వేరు రకాలుగా ఉండటానికీ కారణం ఇదే.

అడాచి పద్ధతి మీద నాకున్న అభ్యంతరం దాని పరిధి గురించి. అది వంశవృక్షం లాంటిది: ఎవరు ఎవరికి పుట్టారో చెబుతుంది, ఎక్కడ కాపురం ఉంటున్నారో చెప్పదు. మన అనాటమీ పత్రికల్లో ఏటా వచ్చే కటి ధమనుల వ్యాసాల్లో ఎక్కువ భాగం రకాల శాతాల పట్టికతోనే ముగుస్తాయి. కొద్దిపాటి భౌతికకాయాల నుంచి రెండేసి అర్ధకటులు తీసి, వాటిని పరస్పర సంబంధం లేని నమూనాలుగా లెక్కించడం ఆ పట్టికకున్న మరో బలహీనత. శస్త్రచికిత్సకుడు అడిగే ప్రశ్న వేరు. కామన్ ఇలియాక్ చీలిక నుంచి ధమని ఎంత దూరంలో పుడుతోంది, ఏ నరాల మధ్య దూరుతోంది, పిరిఫార్మిస్ కండరానికి పైనా కిందా?

ప్రసవానంతర రక్తస్రావం మందులకు లొంగనప్పుడు ఇంటర్నల్ ఇలియాక్ ధమనిని కట్టివేయడం ప్రాణం నిలిపే చర్య. రెండు పక్కలా కడితే నాడీ పీడనం 85 శాతం తగ్గుతుందనీ, రక్తప్రవాహం మాత్రం సగం దాకానే తగ్గుతుందనీ 1960ల్లో బర్చెల్ చూపాడు. ప్రవాహం పూర్తిగా ఆగకపోవడానికి కటి చుట్టూ ఉన్న ప్రత్యామ్నాయ మార్గాలే కారణం. వెనుక కాండం పుట్టిన చోటు దాటాకే ముడి వేయాలని నియమం. అలా చేస్తే సుపీరియర్ గ్లూటియల్‌కు రక్తం ఆగదు. వెనుక కాండమన్నదే స్పష్టంగా లేని నాలుగో రకం కటిలో ఈ నియమానికి పట్టు దొరకదు. అక్కడ పనికొచ్చేది రకం సంఖ్య కాదు, సుపీరియర్ గ్లూటియల్ ఎన్ని మిల్లీమీటర్ల కింద విడివడుతుందన్న కొలత. ధమనిని లోపలినుంచి మూసే ఎంబొలైజేషన్‌లోనూ అంతే. రెండు గ్లూటియల్ ధమనులూ ఒకే కాండంగా కటి బయటి దాకా సాగితే, ఆ కాండంలో పెట్టిన కాయిల్ రెండింటినీ ఒకేసారి మూసేస్తుంది. నడిస్తే పిరుదులో నొప్పి, అరుదుగా కణజాలం చచ్చిపోవడం దాని ఫలితాలు.

కటి దాటి బయటికొచ్చే చోటు ఇంకా కీలకం. సుపీరియర్ గ్లూటియల్ సాధారణంగా లంబోసేక్రల్ నరకాండానికీ మొదటి సేక్రల్ నరానికీ మధ్యగా దూరి, గ్రేటర్ సయాటిక్ రంధ్రం ఎముక అంచుకు ఆనుకుని బయటపడుతుంది. కటి వలయం వెనుక భాగం విరిగినప్పుడు తరచుగా తెగేది ఇదే. రంధ్రం బయట దాని ప్రధాన కాండం పొట్టిగా ఉండి వెంటనే శాఖలుగా విడిపోతుంది కనుక, తెగిన కొస కటిలోకి జారిపోతే పిరుదు వైపు నుంచి అందదు. ఎడింబరో శస్త్రచికిత్సకుడు జాన్ బెల్ 19వ శతాబ్దపు తొలి ఏడాదుల్లో, జలగలు పట్టే ఒక వ్యక్తి తన పొడవాటి కత్తెర మీదే పడి ఈ ధమని తెగగా చేసిన శస్త్రచికిత్సను వర్ణించాడు. గాయాన్ని విశాలంగా తెరిచి ధమనిని వెతికి కట్టడం తప్ప ఆనాడు వేరే దారి లేదు. కటి బయటి కాండం పొడవెంతో నమోదు చేసే డిసెక్షన్ నివేదికలు ఇప్పటికీ తక్కువే. చర్మానికి చేరే సన్నని శాఖల మీద ఆధారపడే పెర్ఫొరేటర్ ఫ్లాప్‌లు వచ్చాక ప్లాస్టిక్ సర్జన్లే ఆ లోటు కొంత తీర్చారు. వెనుక ఇలియాక్ ముల్లు నుంచి గ్రేటర్ ట్రోకాంటర్ దాకా గీత గీస్తే, లోపలి మూడో వంతు ముగిసే చోట సుపీరియర్ గ్లూటియల్ బయటపడుతుందన్నది వాళ్లు రోజూ వాడే గుర్తు.

అడాచి పట్టికలో చోటే లేని వైవిధ్యం ఒకటుంది. పిండదశలో కాలికి ప్రధాన రక్తమార్గం తొడ వెనుకగా సయాటిక్ నరంతో కలిసి దిగే సయాటిక్ ధమని. పిండం 22 మిల్లీమీటర్ల పొడవుకు చేరేసరికి ముందువైపు ఫెమొరల్ ధమని ఆ బాధ్యత తీసుకుంటుంది, పాతది కుంచించుకుపోతుంది. ఇన్‌ఫీరియర్ గ్లూటియల్ మొదటి భాగం, సయాటిక్ నరాన్ని అంటిపెట్టుకునే సన్నని ధమని, మోకాలి వెనుక పాప్లిటియల్ ధమనిలో కొంత దాని అవశేషాలు. ఈ కుంచించుకోవడం జరగకపోతే ఇన్‌ఫీరియర్ గ్లూటియల్ పెద్ద గొట్టంగా మోకాలి దాకా సాగిపోతుంది. గ్రీన్ దీన్ని 1832లో వర్ణించాడు. అంచనా తరచుదనం 0.025 నుంచి 0.04 శాతం. సంఖ్య చిన్నదే అయినా పర్యవసానాలు చిన్నవి కావు. పిరుదు మీద కూర్చున్న ప్రతిసారీ నలిగే చోట ఆ ధమని ఉబ్బి అన్యూరిజం ఏర్పడవచ్చు, అందులో గడ్డకట్టిన రక్తం పాదానికి కొట్టుకుపోవచ్చు. గజ్జలో నాడి దొరకకుండా మోకాలి వెనుక దొరికితే, 1960లో కౌవీ చెప్పిన ఆ గుర్తును నమ్మి స్కాన్‌కు పంపాలి. పిరుదులో నాడి కొట్టుకునే వాపును చీముగడ్డ అనుకుని కోయడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. అలాంటి మనిషిలో ఇంటర్నల్ ఇలియాక్‌ను కడితే కాలే పోవచ్చు, ఎందుకంటే ఆ కాలికి రక్తం ప్రధానంగా వచ్చేది ఆ దారినే.

ఇంజెక్షన్ల సంగతి క్లుప్తంగా. మన ఊళ్లలో ఆర్‌ఎంపీ దగ్గర నడుముకు సూది అడిగి వేయించుకునే అలవాటు ఇంకా పోలేదు. పిరుదు పైభాగపు బయటి పావును ఎంచుకోమనడం సయాటిక్ నరాన్ని, పెద్ద ధమనులను తప్పించడానికే. ఆ పావులోనూ సుపీరియర్ గ్లూటియల్ శాఖలుంటాయి. సిఫిలిస్‌కు బిస్మత్ సూదులు వేసిన రోజుల్లో, 1920ల్లో, ఫ్రాయిడెంథాల్, నికొలావ్ వర్ణించిన చర్మ మరణం ధమనికి తగిలిన దెబ్బ నుంచి వస్తుందనే అభిప్రాయమే నేడు బలంగా ఉంది.

కాబట్టి ఇకపై కటి ధమనుల అధ్యయనంలో అడాచి రకంతో పాటు నాలుగు విషయాలు తప్పక ఉండాలి: కామన్ ఇలియాక్ చీలిక నుంచి సుపీరియర్ గ్లూటియల్ పుట్టుక దాకా దూరం, అది ఏ నరాల మధ్య దూరింది, కటి బయట కాండం పొడవు, ఇన్‌ఫీరియర్ గ్లూటియల్ వ్యాసం తొడ వెనుక అనుమానాస్పదంగా ఎక్కువగా ఉందా. కుడి ఎడమలను ఒకే వ్యక్తికి చెందిన జతగా విశ్లేషించాలి. ఇందుకు భౌతికకాయాల కొరత సాకు కాదు. గాయాలకూ కడుపు నొప్పులకూ పెద్దాసుపత్రుల్లో కాంట్రాస్ట్‌తో తీసే సీటీ స్కాన్లలో కటి ధమనులు ఎలాగూ పడతాయి. ధమనికీ నరానికీ ఉన్న సంబంధాన్నీ చర్మానికి చేరే సన్నని శాఖలనూ మాత్రం డిసెక్షన్ బల్ల మీదే చూడాలి. విద్యార్థులు చేయి పెట్టే భౌతికకాయంలో ఆ ప్రాంతాన్ని మొదట పరిశోధకుడికి విడిచి, తర్వాత తరగతికి ఇవ్వడం విభాగాధిపతి నిర్ణయంతో జరిగిపోయే పని.