పత్తిసీమవారు, చలిదేశపు ఉడుపులు



మాది వేటపాలెము, మగ్గముల చప్పుడుతో తెల్లవారు ఊరు. ఇచ్చట పుట్టినవాడు బట్టను గూర్చి ఇతరులవలన నేర్చుకొనవలసినది లేదని నేను చిరకాలము గర్వించుచు వచ్చితిని. నిరుడు మార్గశిరమాసమున మా మనుమరాలు పైచదువునకై స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమునకు ప్రయాణమైనప్పుడు ఆ గర్వము కొంత తగ్గినది.

"తాతయ్యా, అక్కడ ఏమి కట్టుకొనవలెను? వెచ్చగా ఉండవలెను, చూచుటకు చక్కగానూ ఉండవలెను" అని ఆమె యడిగినది. నాకు వెంటనే జవాబు తోచలేదు. పుష్యమాసపు తెల్లవారుజామున సయితము మా యూర చలి 20 డిగ్రీలకు దరిదాపుననే నిలిచిపోవును. ఎడింబరోలో జనవరినాటి మధ్యాహ్నము 7 డిగ్రీలు. రాత్రి 1 డిగ్రీ. దానికితోడు సముద్రపు గాలి, సన్నని జల్లు.

మన సీమలో చలియుడుపుల సంప్రదాయము లేకపోవుటకు కారణము చలి లేకపోవుట యొక్కటియే కాదు, ఉన్నియు లేదు. మన నల్లరేగడి పత్తిని పండించినది. మన గొల్లలు మేపెడు నెల్లూరుజాతి గొర్రెకు ఒంటిమీద నుండునది వెండ్రుకయే కాని నేతకు వచ్చు ఉన్ని కాదు. ఉన్నిగొర్రె దక్కను పీఠభూమిది. ఆ నల్లని ఉన్నితో కురుమలు నేసిన గొంగడి రాయలసీమలోను, తెలంగాణములోను కాపరికి వానలో గొడుగు, రాత్రి పరుపు. కాని అది కప్పుకొనుటకే తగినది. కోటు కుట్టించుకొనుటకు మిక్కిలి మోటు.

మన నేతగాండ్రకు పరదేశముల సంగతి తెలియదని మాత్రము ఎవరును తలపరాదు. మా పొరుగున నున్న చీరాలలో నూలును నూనెయందును, ఆముదపు కాయలు కాల్చిన బూడిదనీటియందును పలుమారులు నానబెట్టి, రంగులద్ది నేసిన తేలియా రుమాళ్లు ఓడలెక్కి అరబ్బుదేశములకు పోయినవి. ఎండదేశపువాని తలకు చలువ నిచ్చు గుడ్డను మనవారు ఎరుగుదురు. చలిదేశపువాని యొడలికి వెచ్చదన మిచ్చు గుడ్డ మన మగ్గము మీదికి రాలేదు.

సందేహము కలిగినప్పుడు మా యూరివారు పోవు చోటు సారస్వత నికేతనము. 1918లో వెలసిన యా గ్రంథాలయమునకు 1929లో గాంధీమహాత్ములు వచ్చి భవనమునకు శంకుస్థాపన చేసిరి. అచ్చట కూర్చుండి ఆయన ఆత్మకథను మరల తెరచితిని. ఈమారు సత్యము కొరకు కాదు, కోటు కొరకు.

1888 సెప్టెంబరులో బొంబాయినుండి ఓడ ఎక్కిన గాంధీగారికి పందొమ్మిదేండ్లు నిండలేదు. ప్రయాణములో నల్లని దుస్తులు ధరించి, మిత్రులు సిద్ధపరచిన తెల్లని ఫ్లానెలు దుస్తులను ఒడ్డున దిగు వేళకై దాచుకొనిరి. దిగునప్పుడు తెల్లబట్టలు శోభ నిచ్చునని ఆయన తలంపు. అవి సెప్టెంబరు చివరి దినములు. చూడగా రేవులో తెల్లబట్టలవాడు తానొక్కడే! పెట్టెలన్నియు రవాణా కంపెనీవారి యధీనమున నున్నవి. మరునాడు ఆదివారము, కంపెనీ తెరవరు. సోమవారమువరకు ఆ తెల్లబట్టలతోనే సిగ్గుపడుచు గడపవలసి వచ్చెను.

అటుపిమ్మట బొంబాయి కత్తిరింపు ఇచ్చట పనికిరాదని క్రొత్తవి కొనిరి. బాండువీథిలో పది పౌనులు పెట్టి సాయంకాలపు దుస్తులు కుట్టించిరి. పందొమ్మిది షిల్లింగులు పోసి పొడుగాటి టోపీ కొనిరి. గడియారమునకు బంగారు గొలుసు పంపుమని అన్నగారికి వ్రాసిరి. దినమునకు పది నిమిషములు అద్దముముందు నిలిచి మెడపట్టీ సవరించుకొనెడివారట. ఈ ముచ్చట మూడు మాసములు సాగినది. చదివినప్పుడు నాకు నవ్వు వచ్చినది; ఇంటివద్ద అన్నగారు ఆ ద్రవ్యము ఎట్లు సమకూర్చిరో తలచినప్పుడు నవ్వు నిలువలేదు. మా యింటను ఆ సంవత్సరము అప్పు పత్రమొకటి వ్రాయబడినది.

ఆయనయే 1931లో రౌండుటేబిలు సభకు పోయినప్పుడు కథ తలక్రిందులైనది. 1921 సెప్టెంబరులో మధురలో స్వీకరించిన కొల్లాయి అప్పటికి పదేండ్లనాటిది. వెంట పోవువారు మాత్రము సీమ చలికి భయపడి, మిత్రులు ప్రేమతో నిచ్చిన ఉడుపులతో పెట్టెలకు పెట్టెలు నింపుకొనిరి. ఓడలో ఆ సామాను చూచి గాంధీగారు మందలింపగా, అనేకము ఏడెను రేవునుండి వెనుకకు పంపివేయబడినవి. ఆ నవంబరులో చక్రవర్తి విందునకు సయితము ఆయన కొల్లాయితో, శాలువతో, చెప్పులతో పోయిరి. ఇది మహాత్ములకు చెల్లినది. మా మనుమరాలిని శాలువతో పొమ్మని చెప్పుటకు నాకు ధైర్యము చాలలేదు.

నడిమి మార్గ మొకటి కలదు. రాజమహేంద్రవరమున పాఠములు చెప్పిన సర్వేపల్లి రాధాకృష్ణగారు 1926లో ఆక్స్‌ఫర్డులో ఉపన్యసించిరి. 1936లో అచ్చటనే ఆచార్యపీఠము నధిష్ఠించిరి. తెల్లని తలపాగా, కంఠమువరకు బొత్తాములు పెట్టిన పొడుగు కోటు ఆయన వేషము. మెడలో గాలి చొరనీయని యా కోటు చలికి తగినది. తలపాగా చెవులను కాచును. మర్యాదయు నిలిచినది, మనవాడను గుర్తును నిలిచినది.

ఎడింబరో అనగా మా ప్రాంతమువారికి వేరొకరు జ్ఞప్తికి వత్తురు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు అచ్చటనే ఎం. ఏ. చదివిరి. తిరిగివచ్చి 1921లో చీరాల-పేరాల ప్రజలను మునిసిపాలిటీ పన్నులపై నిలిపి, ఊరు విడిపించి, రామనగరమను పాకల పల్లెలో సుమారు పదునొకండు నెలలు కాపుర ముంచిరి. అక్కడి మంచులో చదివినవాడు ఇక్కడి తాటాకు పందిరిక్రింద కూర్చున్నాడు. మా మనుమరాలికి ఈ కథ చెప్పితిని. "అయితే నా కోటు సంగతి యేమి?" అన్నది.

కోటు అంతకుముందే పట్టణములో కొనబడినది. అచ్చమైన ఉన్ని యని చెప్పి అంగడివాడు గట్టి వెల పుచ్చుకొనెను. లోపలి అతుకునుండి ఒక పోగు లాగి దీపమునకు చూపితిని. ఉన్ని కాలిన వెండ్రుకల కంపు వచ్చి, నలిపిన బూడిదయగును; నూలు కాగితమువలె కాలును. ఈ పోగు కరగి నల్లని గట్టి పూసయైనది! యంత్రపు నారయు చలి నాపగలదు. దానిని ఉన్నియని యమ్ముట అన్యాయము. తిరిగి యిచ్చివేయుటకు రెండుమారులు తిరుగవలసి వచ్చినది.

నూలును నేను తక్కువ చేయుట లేదు. పొడిగా నున్నంతకాలము మన బొంతకు మించిన వెచ్చదనము లేదు. కాని యౌవనమున పుష్యమాసములో కాశికి పోయినప్పుడు నాలుగు పంచెలు ఒకదానిపై నొకటి కప్పుకొని పొగమంచులో గంగయొడ్డున నిలిచితిని. గడియసేపటికి నాలుగును చెమ్మగిల్లి, కప్పుకొనకున్నప్పటికంటె ఎక్కువ వణికించినవి. వెచ్చదనము నిచ్చునది గుడ్డలో చిక్కిన గాలి. నూలు నీరు త్రాగి ఆ గాలిని పోగొట్టుకొనును. ఉన్నిపోగు వంకరలు తిరిగినది. తన తూకములో మూడవవంతువరకు చెమ్మ పీల్చియు గాలిని విడువదు. కావున మందమైన యుడుపు ఒక్కటికంటె పలుచనివి మూడు మేలు: ఒంటికి అంటి పలుచని ఉన్ని, దానిపై మందపు ఉన్ని, అన్నిటిపైని గాలివానల నాపునది. ఇండ్లలోపల వేడి పెట్టుదురు గనుక అచ్చట పైవి రెండును తీసివేయవచ్చును.

పై కోటు ఎడింబరోలోనే కొనవలెనని తీర్మానించితిమి. అచ్చటి చలి నెరిగినవాడే అచ్చటి కోటు కుట్టగలడు. ఇంటినుండి రెండు పలుచని ఉన్ని బనీనులు, ఊలుమేజోళ్లు, చెవులు కప్పు టోపీ, లోపల కట్టుకొనుటకు చీరాల నేతచీరలు రెండు పోయినవి. మా యింటావిడ బొంత పెట్టుమని పట్టుపట్టినది. విమానమువారు 23 కిలోలకు మించనీయరు. తూచి చూడగా ఎక్కువైనది. మనుమరాలు బొంతను తీసి మంచముపై నుంచినది. దానిని నేనిప్పుడు కప్పుకొనుచున్నాను.