తిట్ల వీధిలో పుట్టిన బడి

సండే స్కూలంటే మనకు కంఠత వాక్యం, యాక్షన్ సాంగ్, క్రిస్మస్ నాటిక. పిల్లల నోటి దురుసు చూడలేక పుట్టిన బడి ఇదంటే మా టీచర్లే చాలామంది నమ్మరు. ఒంగోలు దగ్గర పల్లె చర్చిలో ఏళ్ల తరబడి పాఠం చెప్పినదాన్ని, ఆ సంగతి ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేను.

ఇంగ్లండులో గ్లాస్టర్ పట్టణం ఒకప్పుడు గుండుసూదుల తయారీకి పేరుమోసింది. వారమంతా ఆ కార్ఖానాల్లో మగ్గే పిల్లలకు ఆదివారం ఒక్కటే సెలవు. ఆ రోజంతా వీధుల్లో అరుపులు, కొట్లాటలు, బూతులు. 'గ్లాస్టర్ జర్నల్' పత్రిక నడిపే రాబర్ట్ రైక్స్ ఓసారి తోటమాలి కోసం ఊరి శివారుకు వెళ్లాడు. చింపిరి గుడ్డలతో ఆడుకుంటున్న పిల్లల్ని చూసి బాధపడ్డాడు. ఆదివారం వస్తే ఇంతకంటే ఘోరం చూస్తారని అక్కడి ఆడమనిషి ఒకామె చెప్పింది.

రైక్స్ అప్పటికే జైళ్లలో ఖైదీల కోసం పాటుపడుతున్నవాడు. ముదిరాక వంచడం ఎంత కష్టమో ఎరిగినవాడు. 1780లో థామస్ స్టాక్ అనే పాదిరి తోడుగా బడి పెట్టాడు. రోజుకో షిల్లింగు ఇచ్చి చదువు చెప్పే ఆడవాళ్లను కుదిర్చాడు. మంచి బట్టలు లేకున్నా ఫరవాలేదు, మొహం చేతులు కడుక్కుని తల దువ్వుకుని వస్తే చాలన్నాడు. చదవడం నేర్పించాడు, బైబిలు చెప్పించాడు. ఒకరితో ఒకరు దయగా ఉండాలి, రెచ్చగొట్టుకోకూడదు, తిట్టుకోకూడదు అన్నవి అతను పిల్లలకు పెట్టిన కట్టుబాట్లు. 1783లో తన పత్రికలో ఈ సంగతి అచ్చువేశాక ఊరూరా ఇలాంటి బళ్లు లేచాయి.

మన దేశంలో 1803కల్లా శ్రీరాంపూర్‌లో సండే స్కూలు మొదలైంది. 1876లో అలహాబాదులో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడింది. మా వైపు 1866లో జాన్ క్లౌ అనే మిషనరీ దొర ఒంగోలులో కాపురం పెట్టాక మాదిగ పల్లెల్లో బళ్లు వెలిశాయి. తల నెరిసిన మాదిగను కూడా పెద్దకులాల పసివాడు "ఒరే" అని పిలిచే రోజులవి. బడిలో పంతులు తనను పేరు పెట్టి పిలిచాడని మా నాయనమ్మ ముసలితనంలో కూడా మురిసిపోయేది.

ఇప్పుడు నేను బైబిల్లోని ఎఫెసీ పత్రిక నాలుగో అధ్యాయంలో మాట తీరు గురించిన వాక్యం కంఠతా పట్టిస్తాను. తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లాడే గుమ్మం దిగుతూ "నా పెన్సిలివ్వరా దొంగసచ్చినోడా" అంటాడు. వాణ్ని కొట్టను. వెనక్కి పిలిచి, అదే మాట "నా పెన్సిలివ్వు తమ్ముడూ" అని అనిపిస్తాను. సిగ్గుపడుతూనే అంటాడు. అవతలివాడు ఇచ్చేస్తాడు కూడా.

మా పాఠం వారానికి ఒక్క గంట. మిగతా రోజులన్నీ పిల్లలు వినేది మీ మాటే. అమ్మలారా, అయ్యలారా, ముందు మీరు వాళ్లను పేరు పెట్టి పిలవండి.