పాత చిన్నకారు - మరమ్మతుల చరిత్ర

పాత కారును కొనువాడు ఒక యంత్రమును మాత్రమే కొనుట లేదు. దానిని పూర్వము నడిపినవారి అలవాట్లను, మరమ్మతు చేసిన చేతుల నేర్పును, ఆ కాలపు ప్రభుత్వ విధానమును గూడ కొనుచున్నాడు. ధర చెల్లించిననాటితో ఖర్చు ముగియదు. నిజమునకు నాడే మొదలగును. ఈ సంగతిని మన దేశపు రెండు చిన్నకార్ల చరిత్రనుండి వివరింప దలచితిమి.

మొదటిది ఫియట్. వాల్‌చంద్ హీరాచంద్ 1944 లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ బొంబాయి కుర్లాలో దీనిని తయారు చేసెను. 1953 లో టారిఫ్ కమిషన్ నివేదికపై ప్రభుత్వము ఒక నిర్ణయము గైకొనెను. విడిభాగములను విదేశములనుండి తెచ్చి కూర్చుటతో సరిపెట్టుకొను కర్మాగారములకు ఇక తావు లేదు. ఇచ్చటనే క్రమముగా తయారు చేయువారే నిలువవలెను. ఆ నిర్ణయముతో పరిశ్రమ వేరూనినది గాని, కార్ల సంఖ్య గిరాకికి చాలలేదు. పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చెడిది. అందుచేత చేతులు మారిన కారు కొన్ని వేళల కొత్తకారు నిర్ణీత ధరనే మించి పలికెడిది!

1964 లో వెలువడిన 1100 డిలైట్, తరువాత పేరు మారి 1974 నాటికి ప్రీమియర్ పద్మిని యైనది. 1089 ఘన సెంటీమీటర్ల, నాలుగు సిలిండర్ల యంత్రము. గేరు కడ్డీ స్టీరింగు ప్రక్కనే యుండెడిది. దాని రోగములు మేస్త్రీలకు కంఠపాఠము. రోహిణికార్తె యెండలో పెట్రోలు పంపు వేడెక్కి, లోని పెట్రోలు ఆవిరియై బండి నడిత్రోవలో నిలిచిపోయెడిది. పంపుపై తడిగుడ్డ చుట్టి, కొంతసేపు నీడను నిలుపుటయే చికిత్స. పాయింట్లు కాలి నిప్పురవ్వ బలహీనపడుట, కార్బురేటరులో మడ్డి చేరుట, గేరుకడ్డీ కీళ్లు అరిగి గేరు పడకుండుట నిత్యము కనబడెడివి.

ఇవన్నియు చిల్లర ఖర్చులు. ఇంజను “బోరుకు వచ్చుట” మాత్రము పెద్ద ఖర్చు. పొగగొట్టమునుండి నీలిపొగ వచ్చినచో, అరిగిన రింగులను దాటి నూనె మండుచున్నదన్నమాట. నాటి మేస్త్రి యంత్రమును పారవేయలేదు. సిలిండరును కొంచెము పెద్దదిగా తొలిపించి, అందులకు సరిపడు పెద్ద పిస్టనులను వేసెడివాడు. మరల తొలుచుటకు వీలులేనంత అరిగినచో, లోపల కొత్త స్లీవు దిగగొట్టెడివాడు. క్రాంకును సానపట్టించి, అందులకు సరిపడు మందమైన బేరింగులు అమర్చెడివాడు. విడిభాగము అరుదు, పనివాని కూలి తక్కువ. కాబట్టి బాగుచేయుటయే లాభము. విజయవాడ ఆటోనగరువంటి చోట్ల లేతుల చప్పుడు వినినవారికి ఈ విద్య యెంత విస్తరించెనో వేరుగా చెప్పనక్కరలేదు.

1983 డిసెంబరు 14 న రెండవ ఘట్టము ఆరంభమైనది. గుర్‌గావ్‌లో తయారైన మారుతి 800 తొలి తాళపుచెవులను ప్రధాని ఇందిరాగాంధి అందజేసిరి. ధర 50 వేల రూపాయలకు కొంచెము అటునిటు. జపాను సుజుకీ సంస్థ సాంకేతిక సహకారముతో వచ్చిన ఈ బండిలో 796 ఘన సెంటీమీటర్ల మూడు సిలిండర్ల యంత్రము. అది ముందు చక్రములనే త్రిప్పును. 2014 జనవరిలో తయారీ ఆగువరకు దేశములో 25 లక్షలకు పైగా అమ్ముడుపోయినది.

రోగములును మారినవి. ఫియట్‌లో మేస్త్రి కంటితో చూచి, చెవితో విని పట్టినదానిని, ఇందులో కొంత వేరుగా గుర్తింపవలసి వచ్చినది. వంపులో చక్రము త్రిప్పినపుడు టకటక చప్పుడు వచ్చినచో, ముందు ఇరుసు కీలు అరిగినదని అర్థము. ఆ కీలుపైని రబ్బరు తొడుగు చినిగిననాడే మార్చియున్నచో స్వల్పవ్యయముతో పోయెడిది. దుమ్ము చొరబడిన పిమ్మట ఇరుసు కీలునే మార్చవలెను. నీరు తక్కువై యంత్రము అతిగా వేడెక్కినచో అల్యూమినియము హెడ్డు వంగి, గాస్కెటు కాలును. నూనెలో నీరు కలిసి, మూతక్రింద మజ్జిగవంటి తెట్టె కనబడుట దాని గురుతు. రేడియేటరు గొట్టమునకు వెచ్చింపని సొమ్ము ఈవిధముగా పదింతలై తిరిగివచ్చును.

ఖర్చులో మరియొక మర్మము కలదు. క్లచ్చి ప్లేటు మార్చుటకు గేరుబాక్సు దింపవలెను. కూలి ఆ దింపుటకే ఎక్కువ. కనుక ప్లేటుతోబాటు ప్రెజరు ప్లేటును, బేరింగును గూడ ఒకేసారి మార్చువాడు మితవ్యయపరుడు. ఒకదానిని మిగిల్చినవాడు రెండుమారులు కూలి యిచ్చును. ఇక తుప్పు. ఇంజనునకు లెక్క కట్టవచ్చును గాని, తలుపుల అడుగున, నేలరేకున ప్రాకిన తుప్పునకు లెక్క లేదు. టింకరింగు, రంగు ఖర్చు కొన్ని వేళల బండి విలువనే మించిపోవును.

చట్టము గూడ ఖర్చే. 2010 ఏప్రిల్‌లో ఉద్గార నియమములు మారగా, హైదరాబాదు మొదలగు నగరములలో కొత్త మారుతి 800 అమ్మకము నిలిచిపోయెను. 2022 ఏప్రిల్‌నుండి పదునైదేండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుము 600 రూపాయలనుండి 5,000 రూపాయలకు పెరిగినది. చౌకగా దొరకిన బండికి ఈ లెక్కయు చేర్చుకొనవలెను.

కావున కొనువారికి మేము చెప్పునది స్వల్పము. రంగును చూచి మురిసిపోక, చల్లని ఇంజనునే మొదట నడిపించి పొగ చూడుడు. రేడియేటరు చల్లగా నున్నపుడే మూత విప్పి చూడుడు. చేతిలోని సొమ్ము అన్నిటికి చాలనిచో, ముందు బ్రేకులు, స్టీరింగు, టైర్లు, పిదపనే ఇంజను, అన్నిటికంటె చివర రంగు. నిలిచిపోయిన యంత్రము మనలను ఆలస్యముగా ఇల్లు చేర్చును. నిలువని బ్రేకులు అసలు ఇల్లే చేర్పకపోవచ్చును. అన్నిటికి మించి, ఏనాడు ఏ భాగము మార్చిరో వ్రాసియుంచిన చిన్న పుస్తకమొకటి అమ్మువానివద్ద ఉన్నచో, దానికై నాలుగు రూపాయలు ఎక్కువ యిచ్చినను నష్టము లేదు. ఆ పుస్తకమే ఆ కారు చరిత్ర.